‘రేపు చూద్దాంలే’ అనే మాట వెనక

దోహా పక్కనే ఉన్న అల్ వక్రాలో ఒక రెండు గదుల ఫ్లాట్‌ను ఊహించుకోండి. ఇంటాయన తెల్లవారుజామునే కంపెనీ బస్సెక్కి వెళ్లిపోయాడు. పిల్లలు బడికి వెళ్లారు. గిన్నెలో టీ తెట్టు కట్టింది. ఆ ఇల్లాలికి నలభై ఏడేళ్లు, సొంతూరు జగిత్యాల దగ్గర. రొమ్ము క్యాన్సర్ పరీక్షకు టైము తీసుకోమని ఫోనుకు మెసేజ్ వచ్చి పది రోజులైంది. ఆమెకు ఇంగ్లీషు చదవడం వచ్చు. ఆరోగ్య కేంద్రం దూరమేమీ కాదు. హెల్త్ కార్డుకు ఇంకా గడువుంది. అయినా ఫోన్ చెయ్యలేదు. మెసేజ్ తెరిచిన ప్రతిసారీ ‘రేపు చూద్దాంలే’ అనుకుని మూసేసింది.

చూసేవాళ్లు దీన్ని నిర్లక్ష్యం అంటారు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగితే వచ్చే జవాబు వేరు. “ఏం చెయ్యబుద్ధయితలేదు. రాత్రి రెండు గంటలకు మెలకువైతది, మళ్ల నిద్ర రాదు. కూర మాడితే ఏడుపొస్తది.” ఈ మాటల్లో క్యాన్సర్ లేదు, పరీక్ష లేదు. కానీ ఆ ఫోన్ కాల్ ఎందుకు ఆగిపోయిందో అంతా ఇందులోనే ఉంది.

ఈ ఇల్లాలు ఊహే. కానీ గల్ఫ్‌లో కాపురం చేసిన తెలుగువాళ్లెవరికీ ఆమె కొత్త మనిషి కాదు. మనసు కుంగినప్పుడు ఆడవాళ్లు ఆరోగ్య పరీక్షలకు ఎందుకు దూరమవుతారు, ఖతార్‌లో ఉన్న మన ఆడవాళ్లకు ఈ సంగతి ఎందుకు మరీ ముఖ్యం, మనం చెయ్యగలిగింది ఏమిటి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

దిగులుకు కొలత

మన ఇళ్లల్లో ‘డిప్రెషన్’ అనే మాట తక్కువ. టెన్షన్ అంటాం, బెంగ అంటాం, మనసు బాగోలేదంటాం. చాలాసార్లు అదీ అనం. తల బరువు, గుండె దడ, ఒళ్లంతా నొప్పులు, ఆకలి లేకపోవడం, ఛాతీలో పట్టేసినట్టుండటం... ఇలా మనసు బాధను ఒళ్లే చెబుతుంది.

వైద్యులు దీన్ని అంచనా వెయ్యడానికి కొన్ని చిన్న ప్రశ్నావళులు వాడతారు. హార్వర్డ్‌లో పనిచేసే రోనాల్డ్ కెస్లర్ బృందం 2002లో ప్రచురించిన ఆరు ప్రశ్నల పట్టిక వాటిలో బాగా పేరున్నది. గడిచిన ముప్పై రోజుల్లో ఎన్నిసార్లు కంగారుగా అనిపించింది? ఎన్నిసార్లు ఇక ఆశ లేదనిపించింది? కుదురుగా ఉండలేకపోయారా? ఏదీ మనసును తేలిక చెయ్యలేనంత దిగులు కలిగిందా? ఏ పని చెయ్యాలన్నా కొండను మోసినట్టుందా? నేనెందుకూ పనికిరాననిపించిందా? ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం ఇరవై నాలుగు. పదమూడు, ఆపైన వస్తే తీవ్రమైన మానసిక బాధగా లెక్క. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు. సాయం కావాలా వద్దా అన్నది చెబుతుందంతే.

అయిదో ప్రశ్నను మరోసారి చూడండి. ఏ పని చెయ్యాలన్నా కొండను మోసినట్టుందా? మన విషయానికి ఈ ప్రశ్నే తాళంచెవి.

నొప్పి లేనప్పుడు వెళ్లాలంటే

ఆసుపత్రికి వెళ్లడం రెండు రకాలు. పంటి నొప్పి వస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు, నొప్పే లాక్కెళుతుంది. ముందుజాగ్రత్త పరీక్షలు అలాంటివి కావు. బీపీ, షుగర్ చూపించుకోవడం, గర్భాశయ ముఖద్వారం నుంచి కొన్ని కణాలు తీసి చూసే పాప్ పరీక్ష, రొమ్ములకు తీసే మామోగ్రాం, పేగు క్యాన్సర్ కోసం చేసే మల పరీక్ష... ఇవన్నీ ఒంట్లో బాగున్నప్పుడే చేయించుకోవాలి. ఏ బాధా లేనప్పుడు జబ్బు దొరికితేనే వాటివల్ల మేలు. కానీ బాధ లేనప్పుడు మనిషిని అక్కడికి నడిపించేది ఒక్కటే, మన సంకల్పం. ఫోన్ చెయ్యాలి, టైము తీసుకోవాలి, కారో టాక్సీయో చూసుకోవాలి, పిల్లలను ఎవరికైనా అప్పజెప్పాలి. ఇందులో ప్రతి మెట్టూ సంకల్పంతో ఎక్కాల్సిందే.

దిగులు మనిషి దగ్గర ముందుగా లాక్కునేది ఆ సంకల్పాన్నే. పరీక్ష మంచిదని ఆమెకు తెలుసు. తెలిసినా చెయ్యి ఫోన్ మీదికి పోదు. అందుకే ‘అవగాహన లేకపోవడం వల్లే’ అనే మాట సగం నిజం మాత్రమే.

2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ఈ సంగతిని అంకెల్లో చూపించింది. ఇరవై నాలుగు పరిశోధనల్లోని ఏడు లక్షల మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి చూశారు. మానసిక అనారోగ్యం ఉన్న స్త్రీలలో మామోగ్రాం చేయించుకునేవారు స్పష్టంగా తక్కువ. కుంగుబాటు లాంటి సమస్యల్లో కొంత తక్కువ, తీవ్రమైన మానసిక వ్యాధుల్లో మరీ తక్కువ. అయితే అదే సమీక్షలో మరో మాట కూడా ఉంది. జబ్బుగా ముదరని, కేవలం మనోవేదనతో ఉన్న స్త్రీలలో ఆ తేడా కనిపించలేదు.

ఈ రెండో మాటను పక్కకు నెట్టకూడదు. నాకు అది ధైర్యం చెప్పే మాటగా కనిపిస్తుంది. కొన్నాళ్ల టెన్షన్ మనిషిని పూర్తిగా ఆపేయదు. పట్టించుకోకుండా వదిలేస్తే, అది నెలల తరబడి గూడు కట్టుకున్నప్పుడే కాళ్లు కట్టేస్తుంది. అంటే మధ్యలో మనకు కొంత వ్యవధి ఉంది. దిగులుగా ఉన్న రోజుల్లోనే ఎవరైనా అడిగితే, తోడు నిలిస్తే ఆ మనిషి అంత దూరం జారదు.

అడ్డుపడే తీరు

మనసు పరీక్షకు అడ్డుపడే దారులు కొన్ని ఉన్నాయి.

మొదటిది ఇప్పటిదాకా చెప్పుకున్న నీరసం. రెండోది ఆశ పోవడం. ‘బతికి ఏం చెయ్యాలి’ అనిపిస్తున్న మనిషికి పదేళ్ల తర్వాతి క్యాన్సర్ గురించి చెబితే చెవికెక్కదు. మూడోది భయం. ఆందోళన ఎక్కువగా ఉన్నవారిలో కొందరు ప్రతి చిన్నదానికీ పరీక్షలంటూ తిరుగుతారు, కొందరు ఫలితం వినలేక అసలు గడపే తొక్కరు. లోపల ఉన్నది ఒకే భయం. నాలుగోది సిగ్గు, దాని వెనక కొన్నిసార్లు గాయం. ఒంటిమీద హింసను ఎదుర్కొన్న స్త్రీకి గర్భాశయ పరీక్ష కోసం బల్లమీద పడుకోవడమే భరించరానిదవుతుంది. ఆ సంగతి ఆమె నోటివెంట రాదు. ‘తీరిక లేదు’ అంటుంది.

అయిదోది చాలామందికి తోచదు. దిగులుతో ఉన్న స్త్రీ డాక్టరు దగ్గరికి తక్కువ కాదు, తరచుగానే వెళుతుంది. నడుం నొప్పికి వెళుతుంది, గ్యాసుకు వెళుతుంది, నిద్ర పట్టడం లేదని వెళుతుంది. డాక్టరు దగ్గర దొరికే కాసిని నిమిషాలూ ఆ నొప్పి మాటలకే సరిపోతాయి. ‘మీకు నలభై అయిదు దాటింది కదా, మామోగ్రాం చేయించారా?’ అని అడిగే వ్యవధి ఉండదు. ఇంకోవైపు, దిగులు ఉందని ఫైలులో రాసి ఉంటే నిజమైన శరీర బాధను కూడా ‘అంతా మనసులోదే’ అని తేల్చేసే ప్రమాదముంది. పది సార్లు ఆసుపత్రికి వెళ్లి ఒక్క ముందస్తు పరీక్షా చేయించుకోని ఆడవాళ్లు ఉండటానికి కారణం ఇదే.

ఖతార్‌లో ఉన్నదేమిటి

ఖతార్ జనాభా ముప్పై లక్షల దరిదాపుల్లో ఉంటుంది. అందులో స్త్రీలు దాదాపు నాలుగో వంతు. భారతీయులే ఏడు లక్షలకు పైగా. ప్రాథమిక వైద్యాన్ని 2012లో ఏర్పడిన ప్రైమరీ హెల్త్ కేర్ కార్పొరేషన్ చూస్తుంది. పెద్దాసుపత్రులు హమద్ మెడికల్ కార్పొరేషన్ కింద ఉన్నాయి. 2016లో ఆరోగ్య కేంద్రాల ద్వారా ‘స్క్రీన్ ఫర్ లైఫ్’ అనే జాతీయ కార్యక్రమం మొదలైంది. ఏ లక్షణాలూ లేని 45 నుంచి 69 ఏళ్ల స్త్రీలకు మూడేళ్లకొకసారి మామోగ్రాం, 50 నుంచి 74 ఏళ్ల స్త్రీ పురుషులకు పేగు క్యాన్సర్ పరీక్ష ఇందులో భాగం. చెల్లుబాటయ్యే హెల్త్ కార్డుంటే స్థానికులే కాదు, మనలా వచ్చి ఉంటున్నవాళ్లూ అర్హులే. టైము తీసుకునే నంబరు 8001112.

మనసు విషయంలోనూ ఈ దేశం కొన్ని అడుగులు వేసింది. 2016లో 16వ నంబరు చట్టాన్ని మానసిక ఆరోగ్యం కోసమే తెచ్చారు. కోవిడ్ మొదలైన రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, 16000 నంబరుతో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ పెట్టారు.

ఏర్పాట్లు ఉన్నాయి, మరి వాడుక? దోహాలో టామ్ ట్రూంగ్ డొనెల్లీ బృందం 1,063 మంది అరబ్ స్త్రీలను అడిగి 2013లో ఫలితాలు ప్రకటించింది. రొమ్ము క్యాన్సర్ గురించి విన్నవారు నూటికి తొంభై మంది. మామోగ్రాం విషయంలో సరైన వరుస పాటిస్తున్నవారు మూడో వంతు కూడా లేరు. అది జాతీయ కార్యక్రమం రాకముందు సంగతి. అయినా వినడానికీ వెళ్లడానికీ మధ్య ఎంత దూరముందో అది చూపిస్తుంది.

ఆ సర్వే అరబ్ స్త్రీలది. మన స్త్రీలు ఆ దేశానికి వెళ్లేదే పరీక్షల అలవాటు లేకుండా. భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు రెండు శాతం లోపే. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు ఒక్క శాతం కూడా లేరు. పైగా మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే దాదాపు పదేళ్లు చిన్న వయసులోనే కనిపిస్తోంది.

‘మెడికల్’ అంటే భయం

గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు పరీక్ష అనే మాటకు వేరే అర్థముంది. వాళ్ల జీవితంలో మొట్టమొదటి పెద్ద పరీక్ష ‘మెడికల్’. హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లోనో, దోహా చేరాక మెడికల్ కమిషన్‌లోనో వేలిముద్రలు, రక్తం, ఛాతీ ఎక్స్‌రే. క్షయ, హెచ్‌ఐవి, హెపటైటిస్ లాంటివి చూసి ఫిట్టో అన్‌ఫిట్టో తేలుస్తారు. అన్‌ఫిట్ అంటే ఏజెంటుకిచ్చిన డబ్బు పోయినట్టే, తెచ్చిన అప్పు నెత్తినపడినట్టే. అలా మనసులో పడిన ముద్ర తేలిగ్గా పోదు. ఆ తర్వాత ఎవరు పరీక్ష అన్నా ‘ఏదైనా బయటపడితే పంపించేస్తారేమో’ అన్న గుబులు మొదలవుతుంది. దిగులు ముందే ఉంటే ఆ గుబులు రెట్టింపవుతుంది.

ఈ తేడా మన ఆడవాళ్లకు విడమరిచి చెప్పాలి. మెడికల్ అన్నది ఆ దేశం తన కోసం చేసుకునే పరీక్ష. మామోగ్రాం, పాప్ పరీక్ష, షుగర్ పరీక్ష మనం మన కోసం చేయించుకునేవి. అక్కడ మనల్ని వడపోస్తారు. ఇక్కడ ఏదైనా ఉంటే మందు దొరికే దశలోనే పట్టుకుంటారు.

మామోగ్రాం గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఆ రోజు చంకల్లో పౌడరు, స్ప్రే వాడకూడదు, ఫిల్ములో అవి మచ్చల్లా కనిపిస్తాయి. మహిళా టెక్నీషియన్ కావాలని ముందే అడగవచ్చు. నడుం పైన బట్టలు తీసి, ముందు తెరుచుకునే గౌను వేసుకుంటారు. మిషను ముందు నిలబెట్టి ఒక్కో రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని క్షణాలు నొక్కి, రెండేసి ఫోటోలు తీస్తారు. నొక్కినప్పుడు నొప్పిగా ఉంటుంది, వదలగానే తగ్గిపోతుంది. మొత్తం అరగంటలోపు పని. తర్వాత ‘మళ్లీ ఒకసారి రండి’ అని ఫోన్ వస్తే గుండె ఆగినంత పనవుతుంది. అలా మళ్లీ పిలిచినవారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. ఫోటో స్పష్టంగా లేకనో, ఏదో గడ్డ మామూలుదా కాదా అని నిర్ధారించుకోవడానికో పిలుస్తారు.

మూడు రకాల ఒంటరితనం

ఖతార్‌లో మన ఆడవాళ్లు అందరూ ఒక్కలా లేరు.

భర్త వీసా మీద వెళ్లిన గృహిణి ఒకరు. ఊళ్లో అమ్మ, అత్త, పక్కింటి వదిన ఉండేవారు. ఇక్కడ పగలంతా నాలుగు గోడలు. వేసవిలో నలభై అయిదు డిగ్రీల ఎండ, బయటికి వెళ్లాలంటే ఆయనకు సెలవుండాలి. కాన్పయిన కొత్తల్లో ఈ ఒంటరితనం మరీ ప్రమాదం. గర్భిణులు, బాలింతలలో పది శాతానికి పైగా మానసిక సమస్యకు, ముఖ్యంగా కుంగుబాటుకు, లోనవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బిడ్డ టీకాలకు తప్పకుండా తీసుకెళ్లే తల్లి తన బీపీ చూపించుకోవడం మానేస్తుంది.

నర్సులు, టీచర్లు, ఆఫీసు ఉద్యోగినులు రెండోవారు. వీళ్లకు సమాచారం లోటు లేదు. డ్యూటీలు, ఇంటికి పంపాల్సిన డబ్బు, ‘అందరినీ చూసుకునే నాకేమవుతుంది’ అనే ధీమా వీళ్లను ఆపుతాయి.

మూడోవారు ఇంటి పనికి వెళ్లిన స్త్రీలు. కువైట్‌కు వెళ్లినంతమంది కాకపోయినా గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఖతార్‌కూ వెళ్లినవారున్నారు. పదో తరగతి పాసు కాక, ఇమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమయ్యే పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. అంటే అలాంటి పాస్‌పోర్టుతో సక్రమంగా వెళ్లినవారంతా ముప్పై దాటినవారే. మన దేశంలో గర్భాశయ ముఖద్వార, రొమ్ము, నోటి క్యాన్సర్ల పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసూ ముప్పయ్యే. సరిగ్గా పరీక్షలు మొదలవ్వాల్సిన వయసులో ఆమె వేరొకరి వంటింట్లో ఉంటుంది. పిల్లలు ఊళ్లో అమ్మమ్మ దగ్గర, తల్లి ఇక్కడ వేరేవాళ్ల పిల్లల దగ్గర. ఆ బెంగకు ఏ పేరూ పెట్టనక్కర్లేదు. 2017 నాటి 15వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారికి వేరే ఒప్పందం లేకుంటే రోజుకు పది గంటలు మించి పని ఉండకూడదు, వారానికొక రోజు సెలవు, ఏడాదికి మూడు వారాల వేతన సెలవు ఇవ్వాలి. ఆ వారపు సెలవు ఆమె హక్కు. ఆరోగ్య కేంద్రానికి వెళ్లడానికి దాన్ని వాడుకోవచ్చని ఆమెకు చెప్పేవారు కావాలి.

ఒళ్లూ మనసూ ఒకే బల్ల దగ్గర

ఇక్కడ మరో సంగతి. మనసు ఒంటిని ఆపినట్టే, ఒళ్లూ మనసును కుంగదీస్తుంది. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 తగ్గినా నీరసం, మతిమరుపు, దిగులు వస్తాయి. విటమిన్ డి లోపమూ గల్ఫ్‌లో ఇంటిపట్టున ఉండే స్త్రీలలో చాలా ఎక్కువ. ‘నాకు మనసు బాగోలేదు’ అన్న స్త్రీకి ఓ రక్త పరీక్ష, ‘ఒళ్లు నొప్పులు’ అన్న స్త్రీకి ఆ ఆరు ప్రశ్నలు, రెండూ ఒకే బల్ల దగ్గర జరగాలి.

తోడు దొరికితే ఫలితం మారుతుందని రుజువైంది. న్యూయార్క్‌లో పదకొండు ఆరోగ్య కేంద్రాలకు వచ్చే 1,413 మంది పేద స్త్రీలతో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు 2006లో వచ్చాయి. పరీక్షలు చేయించుకోని స్త్రీలకు ఒక కార్యకర్త ఫోన్ చేసి, ఎందుకు వెళ్లలేకపోతున్నారో అడిగి, ఆ అడ్డంకిని తొలగించడానికి సాయం చేసేవారు. ఏడాదిన్నరలో సగటున నాలుగు ఫోన్ కాల్స్, అంతే. మామోగ్రాం వేళకు చేయించుకున్నవారు 58 శాతం నుంచి 68 శాతానికి పెరిగారు. కొత్త మిషను కొనలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. నలుగురిలో ఒకరిగా కాక, పేరు పెట్టి అడిగే మనిషి దొరికింది.

మనం చెయ్యగలిగింది

ఇంట్లో ఇలాంటి స్త్రీ ఉంటే ‘నీ ఆరోగ్యం నువ్వే చూసుకోవా’ అని గదమకండి. ఆ మాటతో ఆమెకు తనమీద తనకున్న కోపం ఇంకాస్త పెరుగుతుంది, అంతే. ఫోన్ మీరు చెయ్యండి. టైము మీరు తీసుకోండి. ఆ పూట సెలవు పెట్టి వెంట వెళ్లండి. మెట్లు మీరు తగ్గిస్తే ఆమె నడుస్తుంది.

స్నేహితురాలైతే ఇంకా సులువు. “అక్కా, పద, నేనొస్త. గంట పని. వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకుందాం.” ఇంతకు మించిన ప్రచారం లేదు.

ఊళ్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో ‘డబ్బు పంపావా, తిన్నావా’ దగ్గర ఆగకండి. ‘నిద్ర పడుతోందా?’ అని అడగండి. జవాబు రావడానికి కాస్త ఆగండి.

తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ గల్ఫ్ సమితి లాంటి సంఘాలు, భారత రాయబార కార్యాలయానికి అనుబంధంగా ఉన్న ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరం దోహాలో మనవాళ్ల కోసం పనిచేస్తున్నాయి. వైద్య శిబిరం పెట్టినప్పుడు బీపీ, షుగర్ చూసే బల్ల పక్కన మరో కుర్చీ వెయ్యండి. తెలుగులో మాట్లాడే ఒక స్త్రీ అక్కడ కూర్చుని ఆ ఆరు ప్రశ్నలు అడగాలి. అర్హులైతే అక్కడికక్కడే ఫోన్ చేసి మామోగ్రాం టైము ఇప్పించాలి. కరపత్రం చేతిలో పెట్టి పంపితే అది ఇంటిదాకా వెళుతుంది, ఆసుపత్రిదాకా వెళ్లదు.

ఇక దిగులుతో ఉన్న ఆడబిడ్డకు ఒక మాట. మీరు బద్ధకస్తులు కారు. మీ చెయ్యి ఆగిపోవడానికి కారణం ఉంది, దానికి వైద్యమూ ఉంది. అన్నీ ఒకేసారి చెయ్యనక్కర్లేదు. ఈ వారం ఒక్క ఫోన్ చాలు. పరీక్షకైతే 8001112, మనసు బాధకైతే 16000. రొమ్ములో గడ్డో, చనుమొన నుంచి రక్తమో, వేళకాని రక్తస్రావమో కనిపిస్తే మాత్రం ముందస్తు పరీక్ష పిలుపు కోసం ఆగొద్దు, నేరుగా డాక్టరును కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే పక్కవారికి చెప్పండి, అత్యవసరమైతే 999కి ఫోన్ చెయ్యండి.

ఫోన్ కూడా చెయ్యలేననిపిస్తే పక్కింటి తలుపు తట్టి ‘నా కోసం ఈ నంబరుకు ఫోన్ చేస్తావా?’ అని అడగండి. అలా అడగడం కూడా వైద్యంలో భాగమే. ఆ తలుపు తెరిచేది మీరైతే, రేపటిదాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చెయ్యండి.